హంగరీ పిల్ల ఆడని ఎత్తు

ఆమె పేరు మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. మా నాన్న, మేము బాపు అంటాం, రెండు మూడుసార్లు కూడబలుక్కుని చదివి వదిలేశాడు. ఆ రోజు నుంచి ఆమె మాకు హంగరీ పిల్ల అయిపోయింది. నాకంటే నాలుగేళ్లు పెద్ద. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక జిరాక్సు కాగితం రూపంలో మా ఇంటికి వచ్చి, బీరువా తలుపు లోపలివైపు మైదా పిండితో అతుక్కుంది. ఇప్పుడు నాకు ముప్పై తొమ్మిది. ఈ మధ్యలో చాలామందిని చూసి కుళ్లుకున్నాను. పక్కింటి పిల్ల పొడుగు జడను చూసి, క్లాసులో నాకంటే ముందే లెక్క చెప్పే అమ్మాయిని చూసి, పెళ్లయ్యాక తోడికోడలికి దొరికే మర్యాదను చూసి. అవన్నీ వచ్చినట్టే పోయాయి. హంగరీ పిల్ల మీది కుళ్లు మాత్రం ముప్పై ఏళ్లు నాతోనే ఉంది.

అప్పట్లో మేము గౌలిపురలో ఒక పాలవాళ్ల ఇంటి వెనక రెండు గదుల్లో అద్దెకుండేవాళ్లం. బాపు బస్ డిపోలో మెకానిక్కు. డ్యూటీ దిగి, చేతులకంటిన గ్రీజును రంపపు పొట్టుతో రుద్ది కడుక్కుని, యాకుత్‌పురా స్టేషన్ దగ్గరి చాయ్ హోటల్‌కు పోయేవాడు. అక్కడ మూల బల్ల మీద రోజూ చదరంగం నడిచేది. ఆటోవాళ్లు, జరీ పనివాళ్లు, తాళాలు బాగుచేసే ఒక ముసలాయన ఆడేవాళ్లు. హోటల్లో బాపుకు గుర్రం ఘోడా, మంత్రి వజీర్. ఇంటికొచ్చాక అవే పావులు తెలుగులోకి మారేవి. నాకు ఏడేళ్లప్పుడు చాప మీద ప్లాస్టిక్ పట్టా పరిచి ఆట నేర్పాడు. ఏడాది తిరిగేసరికి హోటల్ బల్ల దగ్గర సగం మందిని ఓడించాను. బాపు నన్ను సైకిల్ కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయేవాడు. “మా బిడ్డతోని ఒక్క ఆట ఆడు భాయ్. జర పైలం” అనేవాడు. ఆ రెండేళ్లు నేను ఎవరినీ చూసి కుళ్లుకున్నట్టు గుర్తు లేదు.

తర్వాత డిపోలో ఒక ఇంజనీరు సారు బాపుకు చదరంగం మీద వచ్చే ఇంగ్లిష్ పత్రిక చదువుకోమని ఇచ్చాడు. అందులో నాలుగు పేజీలు ఒక పదమూడేళ్ల హంగరీ అమ్మాయి గురించి. సారు చదివి అర్థం చెబితే బాపు విన్నాడు. ఆ అమ్మాయి వంటింటి బల్ల మీద ఆట నేర్చుకుందట. తండ్రి ట్రామ్ నడుపుతాడట. మగపిల్లలతో సమానంగా ఆడి, తన దేశంలో పెద్దవాళ్లను కూడా ఓడిస్తోందట. బాపు ఆమె ఆటలన్నీ ఒక పొడుగు నోటుబుక్కులో రాసుకున్నాడు. ఫొటోను జిరాక్సు తీయించాడు. పత్రికను సారుకు తిరిగి ఇచ్చేశాడు. జిరాక్సులో ఆమె ముఖం సగం నల్లగా అలుక్కుపోయింది. బుగ్గకు ఆనించిన చెయ్యి, ఒక కన్ను మాత్రం స్పష్టంగా కనబడేవి. బట్టల కోసం బీరువా తెరిచినప్పుడల్లా ఆ ఒక్క కన్ను నన్నే చూసేది.

“ఆ పిల్ల నాయన ట్రామ్ నడుపుతడు. నేను బస్సు బాగుచేస్త. ఏం ఫరక్ ఉంది?” అని బాపు అమ్మతో అన్నాడు ఒకరోజు.

అమ్మ బియ్యం ఏరుతూ, “ఫరక్ ఏముంటది. ఆమె నాయన ఇంటికి జల్దీ వస్తడు కావచ్చు” అంది.

బాపు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇద్దరు తండ్రుల మధ్య ఫరక్ లేకపోతే, మిగిలిన ఫరక్ అంతా మా ఇద్దరు పిల్లల మధ్యనే ఉన్నట్టు కదా అనుకున్నాను.

అక్కణ్ణుంచి నా ప్రతి ఆటలోనూ ఆమె కూర్చునేది. నేను మంత్రిని తొందరగా బయటికి తీస్తే, “ఆ పిల్ల ఎప్పుడన్న గిట్ల తీసిందా?” అనేవాడు. నేను ఓడి ఏడిస్తే, “ఆ పిల్ల ఏడ్వదట” అనేవాడు. ఆ సంగతి పత్రికలో ఉందో, బాపు కల్పించాడో నాకు తెలియదు. సాయంత్రాలు చాప మీద కూర్చుని నోటుబుక్కు చూస్తూ ఆమె ఆటలను ఒక్కో ఎత్తూ వేసుకునేవాడు. ఒక ఎత్తు దగ్గర ఆగి, పెదవి విరిచి, తల ఊపి, “వా బిడ్డా, వా” అనేవాడు. బిడ్డా అన్న మాట నాది. అది బీరువా తలుపు వైపు పోతుంటే నేను గడప మీద కూర్చుని చూసేదాన్ని.

పోటీలకు నన్ను బాపే తీసుకుపోయేవాడు. కానీ హాల్లోకి వచ్చేవాడు కాదు. గేటు దగ్గర దింపి, ఆట అయ్యేదాకా బయట ఎక్కడో తిరిగేవాడు. మిగతా పిల్లల తండ్రులు కిటికీల్లోంచి తొంగి చూసేవాళ్లు. ఆమె ఆటలైతే ఇంట్లో గంటలు గంటలు చూస్తాడు, నా ఆట పది నిమిషాలు చూడడు. నేను చేసుకున్న అర్థం అది.

నాకు పదమూడేళ్లప్పుడు జిల్లా పోటీల్లో రెండో స్థానం వచ్చింది. చివరి ఆటలో గెలవాల్సిన చోట ఒక ఏనుగును తప్పుగా జరిపి సమానం చేసుకున్నాను. సిటీ బస్సులో బాపు పక్కన కప్పు పట్టుకుని కూర్చున్నాను. చార్మినార్ దాటాక బాపు మొదటిసారి నోరు విప్పాడు.

“గదే ఎండింగ్ ఆ పిల్లకు వచ్చుంటే ఇడిచిపెట్టకపోతుండె.”

కప్పును నా ఒళ్లోంచి తీసి తన ఒళ్లో పెట్టుకున్నాడు, నాకు బరువవుతుందని. అది మాత్రం నిజం.

ఆ వారమే ఇంజనీరు సారు ఇంకో పత్రిక ఇచ్చాడు. హంగరీ పిల్లకు అప్పుడు పదిహేడు. బాపు మధ్యాహ్నం తిండి విరామంలో ఆమె కొత్త ఆటలు రెండు నోటుబుక్కులోకి ఎక్కించుకుని, పత్రిక అక్కడే ఇచ్చేసి వచ్చాడు. ఆదివారం తీరిగ్గా వేసుకుని చూద్దామని పక్కన పెట్టాడు. శనివారం మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. నేను నోటుబుక్కు తీసి మొదటి ఆట వేసుకున్నాను. ఎంత బాగుందో చెప్పలేను. చివర్లో ఆమె గుర్రం పట్టా నడిమధ్య నుంచి దూకి ‘సి’ గడిలో ఆరో వరుసలో కూర్చుంటుంది. అటు మంత్రి మీద, ఇటు ఏనుగు మీద ఒకేసారి దాడి. దాన్ని చంపే పావు లేదు. అవతలివాడు ఓటమి ఒప్పుకున్నాడు. ఆట అక్కడితో అయిపోయింది.

పట్టా మీది నిలువు వరుసలకు ఇంగ్లిష్ అక్షరాలే పేర్లు. నేను పెన్ను తీసుకుని ఆ చిన్న ఇంగ్లిష్ ‘సి’ లోపల అడ్డంగా ఒక గీత పెట్టాను. ‘సి’ కాస్తా ‘ఇ’ అయింది. ఇప్పుడు ఆమె గుర్రం వెళ్లి నేరుగా శత్రు బంటు నోటి ముందు కూర్చుంది. గుడ్డివాడు కూడా చంపేస్తాడు దాన్ని. ఆదివారం బాపు చూస్తాడు, ఆ పిల్ల కూడా గిట్ల గడ్డి తింటదా అనుకుంటాడు, అంతే నాకు కావలసింది.

ఆదివారం బాపు చాప మీద కూర్చున్నాడు. నేను బియ్యం డబ్బా మూత తుడుస్తున్నట్టు నటిస్తూ చూశాను. చివరి ఎత్తు దగ్గర ఆగాడు. గుర్రాన్ని పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు.

“అవతలోడు ఓడిపోయిన అన్నడు. ఎందుకన్నడు?” అని తనలో తనే అనుకున్నాడు.

ఆమె తప్పు చేసిందేమో అన్న అనుమానం బాపుకు ఒక్క క్షణం కూడా రాలేదు. తనకు అర్థం కాలేదంటే అందులో ఏదో లోతుందని తేల్చేశాడు. ఆ రోజు మొదలు దాదాపు రెండు నెలలు ఆ గుర్రం చుట్టే తిరిగాడు. హోటల్లో ఐదుగురు తలలు దగ్గర పెట్టి చూశారు.

“అరే భాయ్, ఘోడా ముఫ్త్‌లో ఇచ్చేసింది” అన్నాడు తాళాలాయన.

“ముఫ్త్‌ల ఎందుకిస్తది? ఆమె ఊకె ఇయ్యది” అన్నాడు బాపు.

చివరికి ఒక సాయంత్రం నడవలోంచే కేక వేసుకుంటూ వచ్చాడు. పట్టా పరిచి, నన్ను పిలిచి చూపించాడు. బంటు గుర్రాన్ని చంపితే రాజు ముందు దారి తెరుచుకుంటుంది. మంత్రి వచ్చి రాజుకు చెక్ చెబుతుంది. రాజు పారిపోతాడు. వెనక నుంచి ఏనుగు వస్తుంది. పదకొండు ఎత్తుల తర్వాత, అవతలివాడు బాపు అనుకున్నట్టే ఆడితే, ఆట కట్టు. బాపు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

“సూశినవా బిడ్డా? గుర్రాన్ని చేతుల పెట్టి ఇచ్చింది. ఎంత ధైర్యం! గంత దిమాగ్ ఎవరికుంటది?”

ఆ ఎత్తు నాది. మా బాపు జీవితంలో అంతగా పొగిడిన ఎత్తు అదొక్కటే, అది పెట్టింది నేనే, ఆ పొగడ్త మొత్తం ఎక్కడో వేల మైళ్ల అవతల ఉన్న ఒక పిల్లకు పోయింది. నాది అని చెబితే దొంగతనం బయటపడుతుంది. చెప్పకపోతే కడుపు మండిపోతుంది. నా సొంత ఎత్తును చూసి ఆమె మీద కుళ్లుకున్న రోజు అది. నేను తల ఊపి, మంచిగుంది బాపు అన్నాను.

మరుసటి ఏడు డిపోలో ఉద్యోగుల పోటీలు పెట్టారు. ఫైనల్లో బాపుకు దాదాపు అలాంటి ఆటే పడింది. గుర్రాన్ని తీసుకెళ్లి ఆ గడిలో పెట్టాడు. అవతలి డ్రైవరు భయపడి దాన్ని ముట్టుకోలేదు. బాపు గెలిచాడు. మూడు గిన్నెల స్టీలు టిఫిన్ క్యారియర్ బహుమతి ఇచ్చారు. “ఇది హంగరీ పిల్ల గెలిపించింది” అంటూ అమ్మ చేతికిచ్చాడు. అమ్మ దానికి హంగరీ డబ్బా అని పేరు పెట్టింది. ఇంటర్ రెండేళ్లూ నేను ఆ హంగరీ డబ్బాలోనే కాలేజీకి అన్నం తీసుకుపోయాను.

పదహారేళ్లకు ఆట మానేశాను. చదువు ఎక్కువైందని చెప్పాను. అసలు సంగతి అది కాదు. నేను ఆడకపోతే బాపుకు ఆమెతో పోల్చడానికి ఎవరూ ఉండరు, అప్పుడు నా విలువ తెలుస్తుంది అనుకున్నాను. బాపు ఒక్కసారి, “నిజంగనే మానేస్తవా?” అని అడిగాడు. ఊఁ అన్నాను. సరే అన్నాడు. ఆ సాయంత్రం కూడా నోటుబుక్కు తీసుకుని ఒక్కడే కూర్చున్నాడు. నేను లేని లోటు కనబడకుండా ఆమె ఆటలు ఉన్నాయి ఆయనకు. నేను ఆయన్ను శిక్షించబోయి, ఆమెకే చోటు ఖాళీ చేశాను.

డిగ్రీ, బీఎడ్, పెళ్లి. జల్‌పల్లిలో అరవై గజాల ఇల్లు కట్టుకున్నాం. అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరుగా చేరాను. చేతిలోకి స్మార్ట్‌ఫోన్ వచ్చాక నేను మొదట వెతికింది ఆమె పేరే. పలకలేకపోయినా రాయడం వచ్చు నాకు, నోటుబుక్కు అట్ట మీద చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను కాబట్టి. ఇరవై ఒకటో ఏట పెద్ద బిరుదు వచ్చిందట. దేశ జట్టులో ఆడి పతకాలు తెచ్చిందట. స్టాఫ్ రూములో పేపర్లు దిద్దుతూ మధ్యమధ్యలో ఆమె జీవితం చదివేదాన్ని. నాకు పాప పుట్టిన ఏడాదే ఆమెకూ పాప పుట్టింది. ఎనిమిది నెలలకు ఆమె మళ్లీ పోటీకి వెళ్లి గెలిచింది. ఎనిమిది నెలలకు నేను తల దువ్వుకోవడానికి కూడా తీరిక లేక రబ్బరు బ్యాండు వేసుకుని స్కూలుకు పోతున్నాను. ఆ వార్త చదివి ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టాను.

తర్వాత కొన్నేళ్లు ఆమెకు బాగా జరగలేదు. వరసగా ఓడింది. జట్టులోంచి తీసేశారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ ఏళ్లలో నా మనసు తేలిగ్గా ఉండేది. ఆమె ఓడిన రోజు ఇంట్లో పండగలా బగారా అన్నం వండిన సందర్భం కూడా ఉంది. ఎందుకని మా ఆయన అడిగితే, ఊకెనే అన్నాను. ఆమె ఆటలన్నీ ఫోన్‌లో దొరుకుతాయని మాత్రం బాపుకు ఎన్నడూ చెప్పలేదు.

రెండేళ్ల కిందట మా టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టరు వచ్చింది. విదేశాల నుంచి వచ్చిన క్రీడాకారిణి పాతబస్తీలో ఒక ఫంక్షన్ హాల్లో ఒకేసారి ముప్పై మందితో ఆడుతుంది, ఎవరైనా పేరు ఇవ్వొచ్చు అని. ఫొటో చూశాను. ఈసారి రంగుల్లో, రెండు కళ్లూ కనబడుతున్నాయి. నుదుటి దగ్గర జుట్టు తెల్లబడింది. నేను పోస్టరును చెరిపేసి, బాపుకు చెప్పకుండా ఊరుకున్నాను. రెండు రోజుల తర్వాత పొద్దున్నే గౌలిపుర నుంచి ఆటోలో దిగాడు బాపు. రిటైరై పదేళ్లయినా హోటల్ బల్ల మానలేదు, వార్త అక్కడ దొరికింది. చంకలో ప్లాస్టిక్ కవర్లో చుట్టిన నోటుబుక్కు.

“మనిద్దరి పేర్లు ఇచ్చొచ్చిన. నీకు ఇంగ్లీష్ వస్తది. ఆ గుర్రం ఎత్తు ఎట్ల తట్టిందో ఆమెను అడగాలె” అన్నాడు.

స్కూలు ఉందన్నాను. “ఆదివారం ఏం స్కూలు?” అన్నాడు బాపు.

హాల్లో బల్లలన్నీ గుండ్రంగా వేశారు. లోపలివైపు ఆమె నడుస్తూ ఆడాలి. ఒక బల్ల విడిచి ఒక బల్లకు తెల్లపావులు ఇచ్చారు. బాపుకు తెల్లవి వచ్చాయి, పక్క బల్ల దగ్గర నాకు నల్లవి. ఆమె వచ్చింది. నేననుకున్నంత పొడుగు లేదు. బూట్లు విప్పి, సాక్సులతోనే నడిచింది. ప్రతి బల్ల దగ్గరా చెయ్యి కలిపింది. బాపు రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. నాకు చెయ్యి ఇచ్చినప్పుడు ఆమె వేళ్లు వెచ్చగా, పొడిగా ఉన్నాయి. నావి చెమటతో తడిసి ఉన్నాయి.

ఇరవై ఏళ్లకు పైగా బడి పిల్లలతో తప్ప ఆడని దాన్ని. అయినా ఆమెను ఓడించాలనే కూర్చున్నాను. పదిహేనో ఎత్తు దగ్గర ఆమె నా బల్ల ముందు ఆగింది. రెండు చేతులూ బల్ల మీద ఆనించి ఆలోచించింది. బాపు బల్ల దగ్గర ఇంతసేపు ఆగలేదు అని మనసులో లెక్క వేసుకున్నాను. ఆమె కదిలాక తల తిప్పి చూస్తే, బాపు పట్టా మీద నాకు బాగా తెలిసిన ఏర్పాటు కనబడింది. గుర్రం నడిమధ్యకు వచ్చి కూర్చుంది. బాపు ఎంత ఓపిగ్గా ఆ ఆటను అటువైపు నడిపించాడో నాకు అర్థమైంది.

ఆమె మళ్లీ తిరిగి వచ్చేసరికి బాపు గుర్రాన్ని ఎత్తి, ‘ఇ’ గడిలో ఆరో వరుసలో పెట్టాడు. పెట్టి తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె వస్తువే ఆమెకు భద్రంగా అప్పజెబుతున్నట్టు, గుర్తుపడుతుందని ఎదురుచూస్తూ. ఆమె నిలబడకుండానే బంటుతో గుర్రాన్ని చంపి, నా బల్ల దగ్గరికి వచ్చేసింది. ఇంకో ఎనిమిది ఎత్తులకు బాపు ఆట అయిపోయింది.

ఆయన లేచి వచ్చి నా వెనక నిలబడ్డాడు. నేను ఆడుతుంటే బాపు హాల్లో ఉండడం అదే మొదలు. ఆయన చెయ్యి నా కుర్చీ వీపు మీద ఉంది. చూపుడు వేలు కదులుతోంది, ఎత్తులు లెక్కపెడుతున్నట్టు. ఎవరి ఎత్తులు? నేను గెలవాలనుకుంటున్నాడా, ఆమె గెలవాలనుకుంటున్నాడా? వెనక్కి తిరిగి అడగాలనిపించింది. ఆ ధ్యాసలో ఒక బంటు పోయింది. ముప్పై బల్లల్లో చివరికి మూడే మిగిలాయి, అందులో నాది ఒకటి. అప్పుడు ఓడిపోయాను. ఆమె చెయ్యి కలిపి, “బాగా కాపాడుకున్నారు” అంది ఇంగ్లిష్‌లో.

“ఒంటెను ఎనకకు తియ్యకుండుంటే నిలబడుతుండె” అన్నాడు బాపు వెనక నుంచి.

చాయ్ ఇచ్చే చోట బాపు ఆమెను ఆపి కూర్చోబెట్టాడు. నేను మధ్యలో కూర్చున్నాను. మొదట వాళ్ల నాన్న గురించి అడగమన్నాడు. ట్రామ్ నడుపుతూ అంత ఆట ఎలా నేర్పాడో అడగమన్నాడు. అడిగాను. ఆమె నవ్వింది.

“మా నాన్నకు చదరంగం రాదు. ఇప్పటికీ రాదు. నాకు నేర్పింది మా అమ్మ. ఫ్యాక్టరీలో పనిచేసేది, అక్కడి జట్టులో ఆడేది” అంది.

బాపుకు చెప్పాను. పత్రికలో ఉన్నది ట్రామ్, వంటింటి బల్ల. మిగతాదంతా బాపు అల్లుకున్నాడు. ఆ సంగతి చెబుతున్నప్పుడు నా గొంతులో సంతోషం ఉంది, దాన్ని దాచుకోలేకపోయాను. బాపు “అమ్మనా?” అని ఒకసారి, “అమ్మనా?” అని మళ్లీ ఒకసారి అడిగి, చాయ్ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు మాత్రం నా సంతోషం చప్పబడింది.

తర్వాత నోటుబుక్కు విప్పాడు. ఆమె పేజీ మీద వేలు పెట్టి ఒక్కో ఎత్తూ చదువుకుంటూ కిందికి వచ్చింది. ముఖం వెలిగింది. “నాకు పదిహేడేళ్లు. ఆ హాల్లో హీటరు పాడైంది, చేతికి తొడుగులు వేసుకుని ఆడాను” అంది. చివరి వరుస దగ్గర వేలు ఆగింది. “ఇది తప్పు. నేను ‘సి’లో పెట్టాను. ఇక్కడ పెడితే ఊరికే చస్తుంది కదా, ఇందాక ఈయనకు అయినట్టే.” కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది. “ఎవరో గీత కలిపారు” అంది.

“ఏమంటుంది?” అన్నాడు బాపు.

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. బాపుకు ఇంగ్లిష్ రాదు. కానీ ఆమె వేలు ఆ గీత మీదే ఉంది, బాపు కళ్లు కూడా అక్కడే ఉన్నాయి.

“ఆమె ఆ ఎత్తు ఆడలేదంట బాపు. గీత కలిపింది నేనే. పదమూడేండ్లప్పుడు.”

బాపు నా వైపు తిరిగాడు. “డిపోల నేను గెలిచింది?” అన్నాడు.

“నా ఎత్తుతోనే.”

“ఇరవై నాలుగేండ్లు ఊరందరికీ చెప్పుకుంట తిరిగిన. హోటల్ల నేర్పిన. ఇయ్యాల ఆమె ముందటనే పెట్టి ఇజ్జత్ తీసుకున్న.” గొంతు పెంచలేదు. “నన్ను పిచ్చోన్ని చేసినవ్ కదా బిడ్డా.”

మా మాటలు ఆమెకు అర్థం కాలేదు గాని ముఖాలు అర్థమయ్యాయి. పెన్ను తీసి ‘ఇ’ని కొట్టేసి, పక్కన ‘సి’ రాసి, కింద సంతకం పెట్టి నోటుబుక్కు బాపు చేతికి ఇచ్చింది. బాపు ఆ సంతకాన్ని బొటనవేలితో తడిమి, ఆమెకు దండం పెట్టి, నన్ను పిలవకుండానే ఆటో ఎక్కి వెళ్లిపోయాడు. అంత కోపంలో కూడా ఆమెకు దండం పెట్టాడు, నాతో ఒక్క మాట అనలేదు. దానికి కూడా నాకు కుళ్లు పుట్టింది.

పదిహేను రోజులు నా ఫోన్ ఎత్తలేదు. అమ్మ ఎత్తి, “లొల్లి చేస్తలేడు, తింటలేడు కూడ” అని పెట్టేసేది. ఆగలేక ఒక సాయంత్రం గౌలిపుర పోయాను. బాపు చాప మీద కూర్చుని ఉన్నాడు, ముందు పట్టా ఉంది, పావులు లేవు. ఎదురుగా కూర్చున్నాను.

“ఎందుకు చేసినవ్?” అన్నాడు.

“కుళ్లుతోని చేసిన. నువ్వు ఆమెనే చూసేటోనివి. నా ఆట ఒక్కసారి చూడకపోయేటోనివి. గేటు కాడ దింపి పోయేటోనివి.”

బాపు పట్టా మీది మరకను గోటితో గీకాడు. “నీ ఆట చూస్తుంటే నాకు గుండె దడ వచ్చేది. నువ్వు పావు ముడితే నా చేతులు వణికేటియి. హాల్లకు వస్తే అందరు చూస్తరని బయటనే తిరిగేటోన్ని. ఆమె ఆటకు దడ ఉండకపోతుండె. ఓడిందో గెలిచిందో ముందుగాలనే రాసి ఉంటది. అందుకే నిమ్మళంగ చూసేటోన్ని.”

“మొన్న హాల్ల నా ఎనక నిలబడితివి కదా. ఎవరు గెలవాలనుకున్నవ్?”

“నువ్వే” అన్నాడు వెంటనే. పట్టా సర్దుతూ, “కాని ఆమె ఓడితే చూడబుద్ది కాకపోతుండె” అన్నాడు.

అబద్ధం చెప్పి ఉంటే మొదటి మాటతో ఆగేవాడు. అందుకే నమ్మాను. నమ్మినా రెండో మాట గుచ్చుకుంది. అమ్మ లోపలి నుంచి అన్నానికి పిలిచింది. తిని వచ్చాక బాపు పావుల డబ్బా తెచ్చాడు.

ఈ ఏడాది మొదట్లో ఆమె ఇక పోటీల్లో ఆడనని చెప్పినట్టు చదివాను. పిల్లలకు నేర్పుకుంటూ ఉంటానందట. స్టాఫ్ రూములో ఆ నాలుగు వాక్యాలూ రెండుసార్లు చదివాను. సంతోషం కలుగుతుందనుకున్నాను, కలగలేదు. ఇంత కాలం పరుగెత్తుతున్నది ఆమె, వెనక నుంచి రాళ్లు వేస్తున్నది నేను. ఆమె ఆగిపోయాక చేతిలో రాయితో నేను ఒక్కదాన్నే నిలబడ్డట్టు అనిపించింది. ఆ సాయంత్రమే సిటీలో జరిగే ఒక ఓపెన్ పోటీకి పేరు ఇచ్చాను.

మొదటి రెండు ఆటలూ ఓడాను. మూడో ఆటలో నా ఎదురుగా పదకొండేళ్ల అమ్మాయి కూర్చుంది. వెనక వాళ్ల నాన్న నిలబడి భుజాలు నొక్కుతున్నాడు, నీళ్ల సీసా మూత తీసి ఇస్తున్నాడు, చెవిలో ఏదో చెప్పి నవ్విస్తున్నాడు. ఆట మొదలవుతోంది, పిల్లల వెంట వచ్చినవాళ్లు బయటికి వెళ్లాలని నిర్వాహకుడు రెండుసార్లు చెప్పాక గాని కదల్లేదు. వెళ్తూ వెళ్తూ కూతురికి బొటనవేలు ఎత్తి చూపించాడు. ఆ పిల్ల కూడా చూపించింది. ముప్పై తొమ్మిదేళ్ల దాన్ని, ఆ పిల్లను చూసి కుళ్లుకున్నాను. ఎంత కుళ్లుకున్నానంటే, సమానం చేసుకుందామా అని ఆమె అడిగితే వద్దన్నాను. ఇంకో గంట పట్టింది గెలవడానికి. ఆ పిల్ల ఏడవలేదు. చెయ్యి కలిపి, పావులన్నీ సర్ది, వాళ్ల నాన్న దగ్గరికి పరుగెత్తింది. నేను నా ఎత్తులు రాసుకున్న కాగితం మీద సంతకం పెట్టి, తర్వాతి ఆట ఎవరితోనో చూసుకోవడానికి గోడ మీది జాబితా దగ్గరికి వెళ్లాను.